పాత నాణేలను పులుపుతో తోమకండి

సంపాదకులకు,

పొలంలో దొరికిన పాత నాణేలను చింతపండుతో, నిమ్మరసంతో తళతళలాడేలా తోమి చూపే వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. ఆ తోముడుతో పోయేది మట్టి ఒక్కటే కాదు, నాణెం చెప్పే చరిత్ర కూడా.

నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 1906లో బయటపడిన నిధినే తీసుకోండి. 13 వేలకు పైగా వెండి నాణేలు, అన్నీ క్షహరాత అనే శక వంశపు రాజు నహపానుడివి. వాటిలో మూడింట రెండు వంతులకు పైగా నాణేలపై శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. కరిగించి కొత్తవి పోయించలేదు. ఉన్న బిళ్ల మీదే ఒకవైపు మూడు వంపుల కొండ, చుట్టూ ‘రాఞో గోతమిపుతస సిరి సాతకణిస’ అని బ్రాహ్మీ అక్షరాలు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు (నాలుగు కొసల్లో వలయాలున్న కూడిక గుర్తు). బరువూ వెండీ అవే, మారింది రాజు పేరే. ముద్ర సరిగా పడనిచోట అడుగునున్న పాత ముద్రలోని నహపానుడి బొమ్మలో కొంత భాగమో, గ్రీకు అక్షరం తునకో ఇప్పటికీ కనిపిస్తుంది.

శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనం ఆయనను క్షహరాత వంశాన్ని నిర్మూలించినవాడని కీర్తిస్తుంది. అయితే అది శాతకర్ణి కొడుకు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో ఆమె వేయించిన ప్రశస్తి. పొగడ్త ఎంతవరకు నిజమో తేల్చడానికి ఈ నాణేలే ఆసరా. కొత్త ముద్ర పడనివి కూడా అదే నిధిలో ఉండబట్టే, రెండు రకాలూ కలిసి చెలామణి అయి ఉంటాయని ఊహించగలుగుతున్నాం. నిధిని విడగొట్టి అమ్మితే ఈ లెక్కే ఉండదు.

తెలంగాణలోని కోటిలింగాల వంటి చోట్ల దొరికే శాతవాహన నాణేల్లో సీసానివి చాలా ఉన్నాయి. సీసం మెత్తన. పులుపు తగిలితే పైపొర తినేస్తుంది, అక్షరాలు ఉండేది ఆ పొరలోనే. చెక్క, అట్ట పెట్టెల్లో దాచినా వాటి ఆమ్లపు ఆవిరికి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి విషం కూడా.

కుండ దొరికితే బోర్లించకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, మట్టితో సహా అలాగే ఉంచండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజున అన్నది కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి.

పత్రికలకూ ఒక విన్నపం. ఇలాంటి వార్త వేసేటప్పుడు నాణెం రెండు వైపుల ఫొటోలు, లోహం, బరువు, దొరికిన ఊరు తప్పక ఇవ్వండి.

– నాణేల అధ్యయనకారుడు, కరీంనగర్