వార్షిక నివేదిక: టీచరమ్మ గారు లేని మొదటి ఏడాది

గౌరవ సభ్యులకు, ఊరు విడిచి వైజాగ్‌లో, హైదరాబాద్‌లో, ఇంకా దూరాన ఉంటున్న మన ఊరివాళ్లకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల చిట్టా రాద్దామని కూర్చుంటే ప్రతి పని దగ్గరా టీచరమ్మ గారే అడ్డొస్తున్నారు. "నివేదికలో సగం ఒక్కరి గురించే అయిపోయింది" అని కోశాధికారి గారు అన్నారు. నిజమే, అయింది. గత వర్షాకాలంలో ఆవిడ ప్రభువునందు నిద్రించారు. ఆవిడ లేకుండా మన సర్వసభ్య సమావేశం జరగడం ఇదే మొదలు. కొత్త సభ్యుల్లో చాలామంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు కారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆవిడ వచ్చేనాటికి మనది ఒక్క టీచరున్న బడి. తర్వాత రెండో టీచరు వచ్చినా ఒకటో తరగతి మాత్రం ఆవిడ ఎవరికీ వదల్లేదు. "ఒకటిలో జారిపోయిన గుంటడు ఐదులో దొరకడు" అనేవారు. జీడి సీజన్‌లో పిల్లలు ఇంట్లో అమ్మకు సాయంగా పిక్కలు ఒలిచి వచ్చేవారు. తొక్కలోని జీడి నూనె తగిలి వేళ్ల చివర చర్మం పొరలు పొరలుగా లేచిపోయేది. బలపం పట్టుకోలేని పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, వేళ్లకు కొబ్బరి నూనె రాసి, ఆ పూటకు నోటిలెక్కలు చెప్పేవారు. మా బ్యాచ్‌లో ఎక్కాలు అంత గట్టిగా రావడానికి కారణం జీడి నూనే అని ఇప్పటికీ అనుకుంటాం.

హాజరు విషయంలో ఆవిడ పద్ధతి వేరు. బుధవారం సాయంత్రం చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన కూడిక ఉండేది. అందరూ జబ్బులూ అప్పులూ చెప్పుకున్నాక ఆవిడ లేచి, "ఫలానా వారి చిన్నబ్బాయి సోమవారం నుంచి బడికి రావడం లేదు, ప్రార్థన చేయండి" అనేవారు. ఆ ఫలానా తల్లి అక్కడే కూర్చుని ఉండేది. మర్నాడు పిల్లాడు బడిలో ఉండేవాడు. చర్చికి రాని ఇళ్లకూ ఆ కబురు రాత్రికల్లా చేరిపోయేది. దేవుడి ఎదుట పేరు చదివించుకోవడం ఎవరికి ఇష్టం? మండల విద్యాధికారి (ఎంఈవో) గారు నోటీసులిచ్చినా ఇంత పని జరిగేది కాదేమో.

2011 జనాభా లెక్కల ప్రకారం మన శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం. ఆడవాళ్లలో అయితే 52 శాతమే. ఈ లెక్కలు రాకముందే ఆవిడ తన వరండాలో అమ్మమ్మలకు, నానమ్మలకు అక్షరాలు దిద్దించారు. పెద్దక్షరాల బైబిలు తమంతట తాము చదువుకోవాలని కొందరు వస్తే, పలాస బస్సూ సోంపేట బస్సూ బోర్డు చూసి ఎక్కాలని ఇంకొందరు వచ్చారు. నిజానికి చర్చికి వెళ్లనివాళ్లే ఎక్కువ. డ్వాక్రా పుస్తకంలో వేలిముద్ర బదులు సంతకం పెట్టిన మా నానమ్మ ఆ రోజు వీధిలో నడిచిన తీరు నేను చూశాను.

భర్తను కిడ్నీ జబ్బు తీసుకుపోయేనాటికి ఆవిడకు ముగ్గురూ చిన్నపిల్లలే. మన ఉద్దానం ప్రాంతంలో ఎన్ని ఇళ్లలో ఆ కష్టం లేదు గనక. జీతంలో చర్చి కానుక తీశాకే ఇంటి ఖర్చు చూసేవారని పెద్దమ్మాయి గారు జ్ఞాపకార్థ కూడికలో చెప్పారు. అది మంచి పద్ధతో కాదో చిన్నప్పుడు వాళ్లలో వాళ్లు చాలా వాదించుకున్నారట. మనవలు దూరదేశంలో ఉన్నారు. వీడియో కాల్‌లో "ఎలా ఉన్నావురా" కంటే ముందు "నిన్న ఏ వచనం దగ్గర ఆపావు" అని అడిగి, ఒక్కొక్కరి చేతా తెలుగులో చదివించేవారు. 'ళ' పలకనివాడికి మళ్లీ అదే వచనం. కూడికలో ఆ పిల్లాడే వాక్యం చదివాడు, ఎక్కడా తడబడలేదు.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన తీరం దాటినప్పుడు ఆవిడ రిటైరై చాలాకాలమైంది. అందరం పడిపోయిన కొబ్బరి చెట్లు చూసి ఏడుస్తుంటే ఆవిడ బడికి వెళ్లి తడిసిన అడ్మిషన్ రిజిస్టర్లు ఇంటికి తెచ్చుకున్నారు. ఒక్కో కాగితం మధ్యా పాత పేపరు పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టడానికి కరెంటు లేక, విసనకర్రతో విసిరారు. పుట్టిన తేదీ రుజువు కావాలని ఇప్పుడు పరిగెడుతున్నవాళ్లకు ఆ రిజిస్టర్లే దిక్కు. (మనలో ఇంతమంది జూలై 1నే ఎందుకు పుట్టామన్నది వేరే కథ.) తర్వాత ఆవిడ పట్టుబట్టి బడి ఆవరణలో నాటించిన కొబ్బరి మొక్కలు ఈ ఏడాది కాపుకొచ్చాయి. మొదటి కాయలు మధ్యాహ్న భోజనం వంటకే ఇచ్చాం.

ఇక మిగతా పనులు. డయాలసిస్‌కు వెళ్లేవారికి ఆటో ఖర్చు ఈ ఏడాదీ ఇచ్చాం. హిరమండలం నుంచి పైపు నీళ్లు వస్తున్నాయి కదా అని బోరునీళ్ల జాగ్రత్తలు వదిలేయొద్దని వీధి సమావేశాల్లో చెప్పాం.

కంటి పరీక్షలకు పెద్దలను సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రికి తీసుకెళ్లడం టీచరమ్మ గారు మొదలుపెట్టిన పనే. కెనడా నుంచి వచ్చిన డాక్టర్ బెన్ గల్లిసన్ సోంపేటలో చేసిన కంటి వైద్యం చూసే 1963లో కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. ఆ సంగతి ఆవిడ ఆటోలో ప్రతిసారీ చెప్పేవారు, ముసలివాళ్లకు ఆపరేషన్ టెన్షన్ తెలియకుండా. తన కంట్లో శుక్లం మాత్రం పిల్లల పరీక్షలయ్యాక చూద్దామని వాయిదా వేస్తూ వచ్చారు. ఈసారి ఆటోలో నేను వెళ్లాను. చెప్పడానికి కథలేవీ తోచక అందరికీ చెరకురసం ఇప్పించాను.

విగ్రహం గురించి. ఒక సభ్యులు పెద్ద మనసుతో ఖర్చంతా తామే భరిస్తామన్నారు. రెండు సమావేశాల్లో గట్టిగానే వాదన జరిగింది. వద్దన్నవారిలో నేనూ ఉన్నాను. ఏడాదికి రెండు దండలు, మిగతా రోజులు కాకులు. మన సెంటర్లో ఉన్న విగ్రహాల సంగతి చూస్తూనే ఉన్నాం. కుటుంబం కూడా ఒప్పుకోలేదు. ఆ డబ్బుతో ఆవిడ వరండాలో సాయంత్రం బడి కొనసాగించాలని తీర్మానించాం. ఇల్లు అద్దె లేకుండా వాడుకోమని పిల్లలు తాళాలు ఇచ్చారు. లైట్లు, చాపలు, పలకలు కొన్నాం. దాత గారు మొదట కాస్త నొచ్చుకున్నా సంక్రాంతికి వచ్చి చూసి వెళ్లారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారి పేర్లు ఈసారీ చదవడం లేదు. బుధవారం పద్ధతి మొదలుపెడదామని కోశాధికారి గారి ప్రతిపాదన, సభ్యులు ఆలోచించగలరు.

సాయంత్రం బడికి తెలుగు చెప్పేవారు ఇద్దరు దొరికారు. ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెప్పేవారు మాత్రం ఎవరూ లేరు. ఊళ్లో ఉన్న డిగ్రీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వగలిగితే బడులు తెరిచేలోగా పేరు చెప్పండి. ఒకటో తరగతి పిల్లలు ఇప్పటికే ఎక్కువయ్యారు, వాళ్లకు ఇంకొకరు కావాలి.

కార్యదర్శి