ఐదు గుమ్మడికాయలు

వెస్ట్‌బరో, మసాచుసెట్స్
2024 నవంబరు 30

ప్రియమైన నేస్తం,

ఎలా ఉన్నావు? మీ అమ్మకి, అదే మా అత్తయ్యకి, కంటి ఆపరేషన్ బాగా జరిగిందని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. మనసు కుదుటపడింది. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెడదామనుకున్నాను గానీ, ఇది అలా చెప్పే సంగతి కాదు. అందుకే ఎన్నో ఏళ్ళ తర్వాత కాగితం, పెన్ను తీశాను. కవర్లో ఇంకో చిన్న కాగితం ముక్క కూడా ఉంటుంది. అది ముందే తీయకు. ఉత్తరం పూర్తిగా చదివాక చూడు.

మొన్న గురువారం ఇక్కడ థాంక్స్‌గివింగ్, అంటే కృతజ్ఞతలు చెప్పుకునే పండగ. నవంబరులో నాలుగో గురువారం చేసుకుంటారు. ఈసారి 28న వచ్చింది. మేము వచ్చి ఇన్నేళ్ళయినా ఆ నాలుగు రోజులూ మాకు సెలవులే తప్ప పండగ కాదు. ఈ ఏడు అమ్మ ఇక్కడ ఉంది. అమ్మ ఉన్న ఇంట్లో ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు, నీకు తెలుసుగా.

సూట్‌కేసులో బట్టల మధ్య పత్తి పెట్టుకుని వచ్చింది. కార్తీకం దగ్గరపడుతోందని అక్టోబరు చివరంతా కిటికీ దగ్గర కూర్చుని వత్తులు చేసింది. బడి నుంచి వచ్చి మా చిన్నది ఆవిడ పక్కన చేరేది. మొదట్లో దాని వత్తులు ఒకచోట లావు, ఒకచోట సన్నం. అమ్మ ఒక్కదాన్నీ పక్కన పడేయలేదు. పౌర్ణమినాడు వెలిగించిన 365 వత్తుల కట్టలో చిన్నదాని వత్తులు ఎన్నో ఉన్నాయి. పొగ వస్తే అలారం మోగుతుందని పెరట్లో, చలిలో వెలిగించాం.

అంతకుముందు, అక్టోబరులో, అమ్మని కార్వర్ అనే ఊరు తీసుకెళ్ళాం. క్రాన్‌బెర్రీలు పండే చోటు. నేలబారుగా పాకే తీగలకి కాస్తాయి ఈ కాయలు. కోతకి వచ్చాక మడి నిండా నీళ్ళు పెట్టి, యంత్రంతో తీగల్ని కదుపుతారు. కాయ లోపల నాలుగు గాలి అరలుంటాయి, అందుకని ఊడిన కాయలన్నీ పైకి తేలతాయి. మడి మొత్తం కుంకుమ పరిచినట్టు ఉంటుంది. వాటిని ఒక పక్కకి తోసి ఎత్తేస్తారు. అమ్మ గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. "వరి మడికి మల్లే తూములు, గట్లు అన్నీ ఉన్నాయే" అంది. ఒక కాయ కొరికి, "వాక్కాయ!" అంది వెంటనే. అంతే, ఇంటికి వచ్చాక పప్పు, పచ్చడి, పులిహోర అన్నీ దాంతోనే. నిజంగా వాక్కాయ పప్పు రుచే. నువ్వు వస్తే నీకు చేసి పెడతాను.

ఇక గుమ్మడికాయల సంగతి. హాలోవీన్ అని అక్టోబరు 31న ఇక్కడ ప్రతి ఇంటి మెట్ల మీదా గుమ్మడికాయలు పెడతారు. పండగ అయిపోయాక చాలావరకు అక్కడే కుళ్ళిపోతాయి. ఉడతలు కొన్ని తింటాయి. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడల్లా అమ్మ ప్రతి ఇంటి ముందూ ఆగేది. "తిండి వస్తువు అమ్మా, అలా వదిలేస్తారా?" అనేది. నేను ఏదో సర్దిచెప్పేదాన్ని. ఆవిడ అంతగా ఎందుకు బాధపడుతోందో అప్పటికి నాకు అర్థం కాలేదు.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. ఆవిడ భర్త మొన్న మార్చిలో పోయారు. ఏటా థాంక్స్‌గివింగ్‌కి 'పంప్‌కిన్ పై' అని, మైదా పిండి చిప్పలో గుమ్మడి గుజ్జు పోసి కాల్చే తీపి వంటకం చేసి మాకు ఒకటి ఇచ్చేది. ఈ ఏడు చేయాలని లేదంది. అలాగైతే మా ఇంటికి వచ్చి మాకు నేర్పండి అని పిలిచాను. బుధవారం పొద్దున్నే అప్పడాల కర్ర పట్టుకుని వచ్చేసింది.

కూర వండేందుకు పనికొచ్చే చిన్న గుమ్మడికాయలు వేరే ఉంటాయి, మెట్ల మీద పెట్టేవి నీరు కారతాయి, పీచు ఎక్కువ. చిన్నవి రెండు తెచ్చాం. నేను కత్తి తీసుకోగానే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆడవాళ్ళు గుమ్మడికాయ మొదటి గాటు పెట్టకూడదు కదా! పెద్దాణ్ణి నిద్ర లేపి వాడిచేత పెట్టించింది. పక్కింటావిడ ఎందుకని అడిగితే, మా ఇళ్ళల్లో అలవాటు అని చెప్పాను. "మా నాన్న కూడా పండగనాటి టర్కీ కోడిని ఇంకెవర్నీ కోయనిచ్చేవాడు కాదు" అందావిడ.

గుమ్మడికాయ చెక్కల్ని ఓవెన్‌లో మెత్తబడేదాకా కాల్చి, గుజ్జు తీసి, బట్టలో వేసి నీరు వడకట్టాలి. అసలు కష్టం పిండి దగ్గర. ఒకటింపావు కప్పు మైదా, వంద గ్రాములకి కాస్త ఎక్కువ వెన్న. ఆ వెన్న రాయిలా చల్లగా ఉండాలి. దాన్ని ముక్కలు చేసి, పిండిలో బఠాణీ గింజంత అయ్యేదాకా వేళ్ళతో నలిపి, మూడు నాలుగు చెంచాల ఐసు నీళ్ళు చల్లి, ముద్ద అయ్యీ అవ్వకముందే ఆపేయాలి. నేను పూరీ పిండిలా మర్దించేశాను. వెన్నంతా కరిగి పిండి జిడ్డు జిడ్డుగా అయింది. ఆవిడ ఏమీ అనకుండా దాన్ని పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. వెన్న ముక్కలు అలాగే ఉండాలట. ఓవెన్ వేడికి అందులోని తేమ ఆవిరై పిండిని పొరలుగా విడదీస్తుందట. నేను తెలుగులో చెప్పేలోపే అమ్మ అందుకుంది. "మడత కాజాకి పొరకీ పొరకీ మధ్య నెయ్యి రాయమూ? అదే ఇది." తాపేశ్వరం కాజా పేరు ఈ వంటింట్లో వినిపిస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఒకే పిండిని చెరో పక్క నుంచి ఒత్తుకుంటూ వెళ్ళారు. అంచు నొక్కేటప్పుడు అమ్మ కజ్జికాయకి పెట్టినట్టు మెలిక పెట్టింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మరీ చూసి, రెండోదానికి తనూ అలాగే పెట్టింది.

గుజ్జులో రెండు గుడ్లు, చిక్కటి పాలు, దాల్చినచెక్క, సొంఠి, లవంగం పొడులు. పంచదార బదులు ఒకదాంట్లో అమ్మ బెల్లం వేసి, యాలకులు దంచి కలిపింది. ముందు 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పావుగంట, తర్వాత 350కి తగ్గించి ముప్పావుగంట. అంచులు గట్టిపడి, నడిమధ్య మాత్రం కొంచెం వణుకుతుండగానే తీసేయాలి. అది చల్లారేలోపు గట్టిపడుతుంది. కోయకుండా రెండు గంటలు ఆగాలి. పిల్లలకి ఆ రెండు గంటలే పెద్ద పరీక్ష.

చిన్నదానికి బడిలో ఇచ్చిన పని ఒకటుంది. రెండో క్లాసు కదా, అన్నీ కత్తిరించి అంటించడాలే. కాగితం మీద అరచెయ్యి పెట్టి చుట్టూ గీస్తారు. బొటనవేలు టర్కీ కోడి తల, మిగతా నాలుగు వేళ్ళూ తోక ఈకలు. అమ్మచేత కూడా చెయ్యి పెట్టించింది. ఆ రెండూ పక్కపక్కన ఫ్రిజ్ మీద ఉన్నాయి. అమ్మ చేతి బొమ్మలో ఉంగరం వేలు వంకర కూడా కనిపిస్తోంది.

ఇంకొకటి కృతజ్ఞతల చెట్టు. వాకిట్లో రాలిన మేపుల్ కొమ్మ తెచ్చి గాజు సీసాలో నిలబెట్టాం. కిరాణా సంచుల గోధుమరంగు కాగితాన్ని ఆకులుగా కత్తిరించాం. ఎవరు దేనికి కృతజ్ఞులో ఒక్కో ఆకు మీద రాసి దారంతో కట్టాలి. చిన్నది "అమ్మమ్మ వత్తులు" అని రాసింది. పెద్దాడు స్నేహితుల పేర్లు రాశాడు. మావారు మా నలుగురి పేర్లూ రాశారు. పక్కింటావిడ "మార్చి దాకా" అని రెండే మాటలు రాసి కట్టింది. ఎవరం ఏమీ అడగలేదు. అమ్మకి ఆకు ఇస్తే, "ఇదంతా రాయడం ఏమిటమ్మా, అన్నీ దేవుడు ఇచ్చినవే" అని పక్కన పెట్టేసింది. కొమ్మ చుట్టూ మాత్రం క్రాన్‌బెర్రీలని సూదితో గుచ్చి, బంతిపూల దండలా కట్టి చుట్టింది.

గురువారం పొద్దున్నుంచీ వాన. చాలా రోజుల తర్వాత పడిన వాన. కార్తీకం ఇంకా అయిపోలేదు కాబట్టి అమ్మ నీచు ముట్టదు. మేమూ టర్కీ పెట్టుకోలేదు. దప్పళం, క్రాన్‌బెర్రీ పులిహోర, బంగాళాదుంపలు, పక్కింటావిడ తెచ్చిన బీన్స్, రెండు రకాల పంప్‌కిన్ పై. కూర్చున్నాక పెద్దాడు ఈ పండగ కథ చెప్పాడు. 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ ఓడలో 102 మంది మా ఊరికి గంట దూరంలోని ప్లిమత్‌కి వచ్చారు. మొదటి చలికాలంలోనే సగం మంది చచ్చిపోయారు. అక్కడి ఆదివాసులైన వాంపనోవాగ్ తెగకి చెందిన టిస్క్వాంటమ్ అనే అతను, చేపలు ఎరువుగా వేసి మొక్కజొన్న పండించడం వాళ్ళకి నేర్పాడు. 1621లో పంట చేతికి వచ్చాక మూడు రోజులు విందు చేసుకుంటే, ఆ తెగ నాయకుడు మససోయిట్ 90 మందితో వచ్చి ఐదు జింకల్ని తెచ్చి ఇచ్చాడట. అంతవరకు అందరికీ తెలిసినదే. ఆ తర్వాత తెల్లవాళ్ళు ఆ తెగల భూములు లాక్కున్నారనీ, 1970 నుంచి అదే ప్లిమత్‌లో, ఇదే గురువారం, ఆ తెగలవాళ్ళు కలిసి సంతాపదినం పాటిస్తారనీ, కొందరు ఉపవాసం ఉంటారనీ కూడా చెప్పాడు. వాడు ఇవన్నీ తెలుసుకున్నందుకు నాకు సంతోషమేసింది.

నేను తెలుగులో చెబుతుంటే అమ్మ ముద్ద కలపడం ఆపేసింది. "ఆకలికి అన్నం పెట్టినవాళ్ళని అలా చేశారా?" అంది. కాసేపు వాన వంక చూసింది. తర్వాత చిన్నదాన్ని పిలిచి, "ఆ ఆకు ఇలా ఇవ్వవే" అంది.

ఆవిడ రాసింది చూసి నాకేమీ అర్థం కాలేదు. అడిగితే అప్పుడు చెప్పింది.

నీకు గుర్తుందా, 1996 నవంబరు 6? దీపావళికి నాలుగు రోజుల ముందు. మన ఇద్దరికీ పదేళ్ళు. ఆ రాత్రి తుఫాను గాలి మోత నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మా పాక కప్పు లేచిపోయాక నాన్న నన్ను భుజాన వేసుకుని, తమ్ముణ్ణి అమ్మ కొంగుతో కట్టుకుని, మీ డాబాకి రావడం గుర్తుంది. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు తలలు తెగి నిలబడి ఉండటం గుర్తుంది. కింద పడ్డ బొండాల నీళ్ళే తాగాం, మంచినీళ్ళు లేక. మనిద్దరం మీ మెట్ల మీద కూర్చుని ఆడుకున్నాం కూడా. పిల్లలం కదా.

నాకు తెలియనిది ఏమిటంటే, మూడో రోజుకి మీ ఇంట్లో ఉన్నవి తడిసిన బియ్యం, మంచం కింద దాచిన ఐదు గుమ్మడికాయలు మాత్రమేనట. డాబా మీద ఇరవై మందికి పైగా ఉన్నాం. అత్తయ్య ఆ ఐదూ ఒకేసారి కోయించేసి, పెద్ద గుండిగలో పులుసు పెట్టిందట. రేపటికి రెండు ఉంచుకోమని అమ్మ చెబితే, "రేపు సంగతి రేపు వదినా, పిల్లలు ఇవాళ ఏడుస్తున్నారు" అందట. ముందు పొరుగు పిల్లలకి పెట్టి, నీకు చివర పెట్టిందట. నువ్వు అలిగి గోడవైపు తిరిగి పడుకున్నావట. అమ్మకి అది కూడా గుర్తుంది.

ప్రతి సంక్రాంతికీ మా ఇంటి నుంచి మీ ఇంటికి గుమ్మడికాయ వచ్చేది కదా? అందరూ ఇచ్చినట్టే ఇస్తున్నాం అనుకున్నాను. పెళ్ళయ్యేదాకా ఏటా మోసుకొచ్చింది నేనే, నాకే తెలియదు. "ఐదు ఇచ్చేస్తే తీరిపోతుంది అనుకున్నావా? అది తీరేది కాదు. అందుకే ఏటా ఇస్తున్నాను" అంది అమ్మ. ఇన్నేళ్ళూ అత్తయ్యకీ చెప్పలేదట. చెబితే బాగుండదు అంది.

నాకైతే చెప్పాలనిపించింది. అమ్మని అడిగే రాస్తున్నాను. రాత్రి పిల్లలు పడుకున్నాక బెల్లం వేసిన పంప్‌కిన్ పై ముక్క ఒకటి తింటూ చాలాసేపు కూర్చున్నాను. పదేళ్ళ నువ్వు గోడవైపు తిరిగి పడుకోవడం కళ్ళ ముందు కదిలింది. అప్పుడు నేను కడుపునిండా తిని ఉంటాను కదే.

చెట్టు మీది ఆకులన్నీ క్రిస్మస్ దాకా ఉంచుతానంది చిన్నది. అమ్మ ఆకు మాత్రం విప్పి తీసుకున్నాను, దానికి చెప్పే. ఇప్పుడు కవర్లోంచి తియ్యి. "వదిన. గుమ్మడికాయలు 5" అని ఉంటుంది. అత్తయ్యకి కొత్త కళ్ళజోడు వచ్చాక చూపించు. అక్షరాలు చిన్నవి.

అమ్మ ఫిబ్రవరి దాకా ఇక్కడే ఉంటుంది. తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పింది, సంక్రాంతికి మంచి కాయ చూసి మీ ఇంటికి పంపమని. అత్తయ్యని దాచుకోవద్దను. ఈసారి మొదటి ముక్కలు నీకే పెట్టమన్నానని చెప్పు.

నీ నేస్తం