కులం రక్తంలో ఉందని అచ్చువేసే ముందు

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో కులాన్నీ డీఎన్‌ఏనీ ముడిపెట్టి, జన్యువులే కులాన్ని పుట్టించాయంటూ వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. ఎవరైనా తెలిసినవాళ్లు దాన్ని సరిదిద్దుతూ రాస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు. మీరు వేసిన ఉత్తరాలన్నీ మెచ్చుకోళ్లే. తమ వంశం రక్తం స్వచ్ఛమైనదని ఇన్నాళ్లకు సైన్సు కూడా ఒప్పుకుందని ఒకాయన సంబరపడ్డారు. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని, పైగా జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థకు కూతవేటు దూరంలో ఉంటున్నదాన్ని. ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ వ్యాసం సాక్ష్యంగా తెచ్చుకున్నది ఆ సీసీఎంబీ పరిశోధననే. కానీ ఆ పరిశోధన చెప్పింది దాదాపు దీనికి ఎదురు. 2009లో అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి నేచర్ పత్రికలో వేసిన పత్రం ప్రకారం ఈ దేశంలో దాదాపు అందరూ రెండు ప్రాచీన జనసమూహాలు కలిసి పుట్టినవాళ్లే. కలిసిన పాళ్లలోనే తేడా. 2013లో ఆ కలయిక ఎప్పుడు జరిగిందో కూడా లెక్కగట్టారు. సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా జనం విస్తారంగా కలిశారు. పై కులం అనుకునేవాళ్లలోనూ, కింది కులం అనిపించుకున్నవాళ్లలోనూ, అడవుల్లోని గిరిజనుల్లోనూ దాని ఆనవాళ్లు దొరికాయి. ఎవరి గుంపులో వాళ్లే పెళ్లి చేసుకోవడం గట్టిపడింది ఆ తర్వాతే. ఇందులో స్వచ్ఛమైన రక్తం ఎక్కడుందో మీ వ్యాసకర్త చూపించాలి.

నిజమే, కొన్ని కులాల్లో కొన్ని జన్యు లక్షణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఎందుకు? తరతరాలుగా కొద్దిమంది మధ్యే సంబంధాలు కలుపుకున్నందుకు. పెళ్లిళ్ల కట్టుబాటు ముందు, జన్యువుల్లో దాని గుర్తు తర్వాత. మీ వ్యాసం ఈ వరుసను తలకిందులు చేసి, జన్యువులే కులాన్ని పుట్టించినట్టు రాసింది. ఆ కట్టుబాటు ఈ రోజుకీ ఎలా నడుస్తోందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. అదే అనుబంధం వెనక పేజీలో పెళ్లిసంబంధాల ప్రకటనలు ఉపకులాల వారీగా, శాఖల వారీగా విడగొట్టి వేశారు. వ్యాసం పక్కనేమో ఉమ్మి పంపితే పూర్వీకుల గుట్టు చెబుతామనే కంపెనీ ప్రకటన. ఇది చూసి చాలా బాధపడ్డాను.

అసలు ఆ పరిశోధనలో జనానికి పనికొచ్చే సంగతి ఒకటుంది. అదే వదిలేశారు. 2017లో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఈ లోపలి పెళ్లిళ్ల ప్రభావం చాలా బలంగా కనిపించింది. ఉదాహరణకు, మన తెలుగు వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు పడదు. కొద్ది నిమిషాల్లో తగ్గాల్సిన దాని ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది, ఊపిరి అందదు. ఒక ఎంజైము లోపించడమే కారణం. మత్తు డాక్టరుకు ముందే చెప్పుకుంటే ప్రాణం నిలుస్తుంది. ఇది నాలుగు వాక్యాల్లో రాసుంటే ఎన్ని ఇళ్లకు మేలు జరిగేది!

ఇక ప్రభుత్వం కులాల జాబితాల్లో గీసే గడుల సంగతి. జహీరాబాద్ దాటి కర్ణాటకలో అడుగుపెడితే లంబాడాలు ఎస్సీలు. మన వైపు ఎస్టీలు. మహారాష్ట్రలో విముక్త జాతి, అంటే నేర తెగల ముద్ర తీసేసిన జాతి. అదే గోర్ భాష, అదే సేవాలాల్ మహరాజ్. తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్ట సవరణతో. ఆ ఏడాది వాళ్ల ఒంట్లో రక్తం మారిందా? మరాఠ్వాడా మరాఠాలకు ఓబీసీ జాబితాలోని కున్బీ కులం సర్టిఫికెట్లు ఇవ్వడానికి 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం నిజాం కాలపు హైదరాబాద్ గెజిట్‌ను ఆధారంగా తీసుకుంది. వెంటనే అదే గెజిట్ చూపించి అక్కడి బంజారాలు, అంటే లంబాడాలే, ఎస్టీ హోదా అడిగారు. ఈ జాబితాలు వద్దని నేను అనడం లేదు. అన్యాయం కులం పేరుతో జరిగింది కాబట్టి న్యాయం చేయడానికీ కులం రాసుకోక తప్పదు. మొన్నటి మన కుల సర్వేలో నేనూ అన్ని వివరాలూ ఇచ్చాను. కానీ ఆ గడి మనుషులు గీసింది. అవసరాన్ని బట్టి చెరిపి మళ్లీ గీసేది. దానికి జీవశాస్త్రం ముద్ర కొట్టకండి.

కొడితే ఏమవుతుందో మనకు కొత్త కాదు. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ ముక్కులు కొలిచి, ముక్కు ఎంత సన్నగా ఉంటే కులం అంత గొప్పదని సిద్ధాంతం కట్టాడు. 1871 నాటి నేర తెగల చట్టం తర్వాత మద్రాసుకూ పాకి, ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగల కింద రాసుకుంది. 1952లో ఆ చట్టం పోయింది, అనుమానం పోలేదు. మన నగరంలోనే 1329 ఫసలీలో, అంటే 1919లో, నిజాం సర్కారు హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమని, ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చని చట్టం చేసింది. దాన్ని హైకోర్టు కొట్టేసింది 2023లో! మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు, ఎంతమంది కార్యదర్శులు వచ్చిపోయారు. ఒక్కరైనా ఆ కాగితం తీసి చదవలేదా?

చదవరు. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఉంది. తల్లి ఎస్సీ, తండ్రి ఓసీ. తండ్రి చిన్నప్పుడే వదిలేసి పోతే అమ్మమ్మ ఇంట్లో, ఆ వాడలోనే పెరిగింది. ఆ వాడ పిల్లలు పడ్డ మాటలన్నీ పడింది. కుల ధ్రువపత్రం కోసం ఆఫీసుకు వెళ్తే అక్కడి ఉద్యోగి, “రక్తం తండ్రిదే కదమ్మా, ఎస్సీ ఎట్లా ఇస్తాం?” అన్నాడట. 23 క్రోమోజోములు తల్లి నుంచి, 23 తండ్రి నుంచి వస్తాయని ఇంటర్ పిల్లకైనా తెలుసు. అది పక్కన పెట్టినా, ఇలాంటి బిడ్డకు తండ్రి కులాన్ని కళ్లుమూసుకుని అంటగట్టకూడదని, ఎక్కడ పెరిగిందో, ఏం అనుభవించిందో చూడాలని 2012లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాపీ తీసుకెళ్లి చూపించినా మళ్లీ రమ్మన్నారు. ఆ అమ్మాయి అడ్మిషన్ టెన్షన్‌తో తిండి మానేసింది. అలాంటి ఆఫీసులో మీ ఆదివారం వ్యాసం కత్తిరించి బల్ల అద్దం కింద పెట్టుకుంటే ఆ పిల్లకు దిక్కెవరు?

1931 తర్వాత మొదటిసారిగా 2027 జనగణనలో అన్ని కులాలనూ లెక్కపెట్టబోతున్నారు. కాబట్టి సవరణ అంటే లోపలి పేజీలో మూడు లైన్లు వేసి వదిలేయకండి. అదే అనుబంధంలో, అంతే చోటిచ్చి, ఉప్పల్ రోడ్డులో ఉన్న ఆ సీసీఎంబీ శాస్త్రవేత్తలనే అడిగి రాయించండి. వైశ్యుల మత్తుమందు సంగతి తప్పకుండా ఉండాలి. ఎన్యూమరేటర్లు ఇంటింటికీ వచ్చేలోపు వేయండి. నా ఉత్తరం పొడవు ఎక్కువై కోయాల్సి వస్తే కోయండి, పెళ్లిళ్ల పేరా, ఆ అమ్మాయి పేరా మాత్రం ఉంచండి.

— విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు,
తార్నాక, హైదరాబాద్