జర్మనీ కత్తి, ఉదయగిరి పిడి

కావలి,
ఆదివారం

ఒరేయ్ సీనూ,

జవాబు రాయలేదని తిట్టుకుంటా ఉంటావు, తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు నెప్పి కాస్త తగ్గింది, చిన్నోడు టెన్త్ గట్టెక్కాడు. మిగతావి ఫోన్లో. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బి చస్తా.

పాతినప సామాన్ల కొట్లో గడ్డం గీసే మడత కత్తి ఇంకోటి దొరికింది రా! "ఇంట్లో ఉన్నయ్యి చాలవా?" అని మీ చెల్లెలు మొహం చిట్లించింది. కిరసనాయిల్లో నానేసి, సన్న ఎమరీ కాగితం తడుపుకుంటా రుద్దతా ఉంటే తుప్పు కింద అక్షరాలు తేలినయ్. సోలింగెన్, దాని కింద జర్మనీ! కత్తులకి ఇంగ్లండులో షెఫీల్డు ఎట్టనో జర్మనీలో సోలింగెన్ అట్ట. 1890లో అమెరికావోళ్ళు దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాల్సిందేనని చట్టం చేశారు. ఇట్టా పేరు కొట్టడం ఎక్కువైంది ఆ తర్వాతే. అంటే ఇది మహా అయితే... సరే, అది తర్వాత.

మిషను చక్రం మీద పెడితే నిమిషంలో మెరుస్తదన్నాడు మా వీధి మెకానిక్. వేడెక్కితే ఉక్కు పదును నిలవదు, ఇంక దాంతో వంకాయ కూడా తెగదు. అందుకే చేత్తోనే.

పిడి మాత్రం దక్కలా. సెల్యులాయిడ్ అది, పాతకాలం ప్లాస్టిక్కు. గట్టిగా రుద్దితే కర్పూరం వాసనొచ్చింది, దాంట్లో కలిపేది కర్పూరమే మరి. పాతబడితే ఈ సెల్యులాయిడే ఆమ్లపు ఆవిరి వదిలి, తను దాచుకున్న ఉక్కునే తింటది. మడిచినప్పుడు కత్తి అలుగు పిడిలో దాక్కునే చోటే తుప్పంతా. పాపిష్టిది!

ఉదయగిరి బస్సెక్కా. దుర్గం కొండ కింద కొయ్య చెంచాలు చెక్కుతారే, వాళ్ళింటికి. "గరిటెలడుగుతారు, గడ్డం కత్తికి పిడి అడిగినోడివి నువ్వే నాయనా" అని నవ్వాడు పెద్దాయన. బిక్కి కొయ్యలో రెండు పలచటి బద్దలు తీశాడు. అలుగు మధ్యలో పెట్టి మడిచి, వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. అంచు ఒక పక్క కొయ్యకి రాస్తా ఉంది. తోక దగ్గర రెండు బద్దల మధ్య పెట్టిన చిన్న ముక్కని రవ్వంత చెక్కి మళ్ళీ చూశాడు. అప్పుడు గానీ ఇత్తడి కడ్డీ దూర్చి, రెండు పక్కలా సుత్తితో మెల్లగా తల కొట్టలా. చేత్తో పట్టుకుని చూడాలి రా దాన్ని, రాస్తే ఏం తెలుస్తది!

సాన పట్టడం నేననుకున్నంత కష్టం కాదు. వీపు లావుగా ఉంటది గదా, వీపూ అంచూ రెండూ రాయికి ఆనితే వాలు దానంతటదే కుదురుద్ది. రాయి మీద అంచు ముందు పోవాలి, ఆఖర్న పదును తేల్చే తోలు పట్టీ మీద వీపు ముందు. తిరగేస్తే తోలు తెగుద్ది.

పొద్దున నురగ పట్టించి కుడి దవడ గీశా. వెంట్రుక తెగేటప్పుడు సన్నగా చప్పుడు వినపడతది, వింటా ఉండబుద్ధయ్యింది. ఎడమ పక్కకొచ్చేసరికి పొదిలి పెళ్ళి, నీ సగం మీసం గుర్తొచ్చి నవ్వాగలా. కత్తి కింద పెట్టేశా. నీవల్లే సగం గడ్డంతో కూర్చుని రాస్తా ఉండా!

మీ చెల్లెలు మూడోసారి కేకేసింది, మార్కెట్‌కి పోవాలంట. ముందు ఆ ఎడమ దవడ సంగతి