చిత్తూరులో స్టూడియో పెట్టబోతున్న మిత్రుడికి

తిరుపతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పెళ్ళిళ్ళ పని తగ్గించుకొని, చిత్తూరులో మీ ఇంటి కింది గదిలోనే మనుషుల ఫోటోలు మాత్రమే తీసే స్టూడియో పెట్టాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. అయితే ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళకు ఇరవై నిమిషాల్లో ఫోటో తీసి పంపే నా తిరుపతి స్టూడియో గురించి అదే ఉత్తరంలో, "ఇరవై నిమిషాల్లో మనిషిని కూర్చోబెట్టి పంపించేస్తే అది పాస్‌పోర్టు సైజు ఫోటో అవుతుంది గాని పోర్ట్రెయిట్ ఎట్లా అవుతుంది?" అని ఎత్తిపొడవడం మాత్రం మానలేదు. తెల్లవారుజాము ముహూర్తాలకు కెమెరా మోసి, ఆ తరువాత ఆల్బమ్ ఆలస్యమైందని పెళ్ళికూతురి మేనమామ చేత నెలల తరబడి మాటలు పడే నీకు ఆ అనుమానం రావడంలో వింత లేదు. దానికి జవాబు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకొని చదువు.

తక్కువ సమయం, తక్కువ ధర అనే ఈ పద్ధతి మన కాలానిది కాదు. పారిస్‌లో డిస్డెరీ అనే ఫోటోగ్రాఫర్ ఒకే గాజుపలక మీద అనేక చిన్న ఫోటోలు వచ్చే ఏర్పాటు చేసి 1854లోనే పేటెంటు తీసుకున్నాడు. దానితో అంతవరకు కలిగినవాళ్ళకే అందిన ఫోటో మధ్యతరగతి ఇళ్ళలోకి కూడా వచ్చింది. ఆ రోజుల్లో ఖరీదైనది పలక కాబట్టి ఆయన పలకను పంచాడు. మనకు ఇప్పుడు ఎన్నిసార్లు నొక్కినా పైసా ఖర్చు లేదు, ఖరీదైనదల్లా మన సమయమే కాబట్టి మనం గంటను పంచుతున్నాం. ఇందులో చిన్నతనపడవలసింది ఏమీ లేదు.

ఇరవై నిమిషాలు ఎందుకు సరిపోతాయంటే, నువ్వు మామూలుగా మనిషి ఎదుట నిలబడి తీసుకొనే నిర్ణయాలన్నీ ఇక్కడ ముందురోజే అయిపోతాయి. నా బుకింగ్ పేజీ తెరిస్తే మొదట ధర, తరువాత ఖాళీగా ఉన్న వేళలు, ఆ తరువాత ప్రశ్నలు కనబడతాయి. ఎంతమంది వస్తున్నారు, వాళ్ళ వయసులెంత, కళ్ళద్దాలు ఎవరికి ఉన్నాయి, గుండు చేయించుకున్నవాళ్ళు ఉన్నారా, మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళు ఉన్నారా, ఏ రంగు బట్టలు కట్టుకుంటారు, ఫోటో గోడకు కావాలా, ఉద్యోగానికా, పెళ్ళి సంబంధానికా అని అడుగుతాను. వాళ్ళకు అవి మామూలు ప్రశ్నలే, కానీ నాకు మాత్రం ఒక్కొక్క జవాబు ఒక్కొక్క పని చెబుతుంది. కళ్ళద్దాలు ఉన్నాయంటే అద్దంలో లైటు మెరవకుండా స్టాండు ఇంకొంచెం ఎత్తిపెడతాను. రెండు వరుసల్లో ఆరుగురు అంటే వెనుకవరుస మసకబారకుండా అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 8కి తగ్గించి, బెంచీ వేసి, దానికి సరిపడా ఫ్లాష్ పెంచి ఉంచుతాను. వాళ్ళు గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి లైటు కొలత అయిపోయి ఉంటుంది కాబట్టి, ఇరవై నిమిషాలూ ముఖాల మీదే గడుస్తాయి. పెళ్ళిలో రోజంతా తిరిగినా ఒక మనిషి ముఖాన్ని ఏకబిగిన అంతసేపు చూసే అవకాశం నీకు ఎప్పుడైనా దొరికిందా?

పెళ్ళి సంబంధాల ఫోటోలకు మాత్రం "తోడు ఎవరు వస్తున్నారు" అనే ప్రశ్న తప్పకుండా పెట్టు. అమ్మాయి నవ్వాలా, వద్దా, నవ్వితే పళ్ళు కనబడాలా అన్న విషయంలో పిన్నికీ మేనత్తకూ ఏకాభిప్రాయం కుదరదు, ఆ చర్చ కెమెరా పక్కనే జరిగితే అమ్మాయి ముఖం బిగుసుకుపోతుంది. అందుకే నేను కెమెరాను కేబుల్‌తో తెర వెనుక ఉన్న మానిటర్‌కు కలిపి, వచ్చినవాళ్ళను అక్కడ కూర్చోబెడతాను. వాళ్ళు అక్కడ తీర్పులు చెప్పుకుంటూ ఉంటారు, అమ్మాయి ఇక్కడ ఊపిరి పీల్చుకుంటుంది.

స్లాట్ల విషయం మన ఊళ్ళవాళ్ళకు కొత్తగా నేర్పవలసిన పని లేదు. మూడువందల రూపాయల దర్శనం టికెట్టుకు ఇంట్లో కూర్చొని తేదీ, వేళ ఎంచుకోవడం అలవాటైన జనానికి ఫోటోకు స్లాటు అంటే సులువుగానే అర్థమవుతుంది. ఇరవై నిమిషాల పనికి అరగంట స్లాటు పెట్టి, మిగిలిన పది నిమిషాలు ఎవరికీ ఇవ్వకు. చీర మడతలు సర్దుకోవడానికీ, పసిబిడ్డ ఏడుపు మానడానికీ, నువ్వు మెమరీ కార్డు మార్చుకోవడానికీ అవి ఎటూ సరిపోవు. ఫోన్‌లో అడిగినవాళ్ళనూ, నేరుగా మెట్లెక్కి వచ్చినవాళ్ళనూ కూడా అదే క్యాలెండర్‌లో ఎక్కించాలి. పక్కన ఒక నోటు పుస్తకం వేరుగా నడిపావంటే రెండు కుటుంబాలు ఒకే వేళకు పట్టుబట్టలతో ఎదురుపడతాయి.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. వేళలన్నీ తెరిచిపెట్టినా రాహుకాలం స్లాట్లు ఎవరూ తీసుకోరు. శుక్రవారం 10.30 నుంచి 12 వరకు, సోమవారం 7.30 నుంచి 9 వరకు ఖాళీగానే ఉంటాయంటే సర్దుకోవచ్చు గాని, ఆదివారం 4.30 నుంచి 6 వరకు రాహుకాలం రావడం మన వృత్తికి పెద్ద దెబ్బ. చలికాలంలో ఆరుబయట ఫోటోకు అంతకంటే మెత్తని, బంగారు రంగు వెలుగు వారం మొత్తంలో దొరకదు, సెలవు దినం కూడా అదే. అమెరికా వీసా ఫోటోకు వచ్చే విద్యార్థులు పట్టించుకోరని మొదట్లో అనుకొనేవాణ్ణి, తీరా చూస్తే వాళ్ళ అమ్మలు అందరికంటే గట్టిగా పట్టించుకుంటారు. ఆ వీసా ఫోటో రెండంగుళాల చదరంలో, తెల్లని వెనుకతెరతో ఉండాలనీ, 2016 నవంబరు నుంచి కళ్ళద్దాలు పెట్టుకోనివ్వరనీ గుర్తుంచుకో. అందులో కళ ఏమీ లేదు గాని రోజు అద్దె దానితో వచ్చేస్తుంది.

సగం డబ్బు యూపీఐలో ముందే తీసుకోవాలి. అడ్వాన్సు లేకపోతే "వస్తాం లెండి" అన్నవాళ్ళలో వచ్చేవాళ్ళెవరో, రానివాళ్ళెవరో దేవుడికే తెలియాలి. అయితే యాత్రికుల దగ్గర ఈ నియమాన్ని కొంచెం సడలించక తప్పదు. సర్వదర్శనం క్యూలో ఎంతసేపు పడుతుందో వాళ్ళ చేతిలో లేదు, ఫోన్లు లోపలికి అనుమతించరు కాబట్టి ఆలస్యమవుతోందని మనకు చెప్పే వీలు కూడా వాళ్ళకు ఉండదు. అందుకని కొండ దిగిన రోజు సాయంత్రానికి కాకుండా మరునాటి ఉదయానికి బుక్ చేసుకోమని పేజీలోనే రాశాను. వేళ ఒకసారి మార్చుకోవడానికి రుసుము లేదు, రెండోసారి మారిస్తే అడ్వాన్సు పోతుంది. ఈ సంగతి తెలుగుతో పాటు తమిళంలోనూ కన్నడంలోనూ కూడా రాయించాను, ఆ తరువాత వాదనలు బాగా తగ్గాయి.

కొండ దిగి వచ్చేవాళ్ళ ఫోటో గురించి నీకు ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే ఇది నాకు ఈ ఊరు నేర్పిన పని. పుట్టువెంట్రుకలు తీయించిన బిడ్డను ఒళ్ళో పెట్టుకొని, తండ్రి కూడా గుండుతో వస్తాడు. నిన్నటిదాకా జుట్టు కింద ఎండ ఎరుగని చర్మం నుదుటికంటే బాగా తెల్లగా ఉంటుంది, పైగా నున్నగా ఉంటుంది కాబట్టి చిన్న లైటు పెడితే నడినెత్తిన తెల్లటి చుక్క ఒకటి పడుతుంది, దాన్ని ఎడిటింగ్‌లో చెరిపితే తల బొమ్మతలలా తయారవుతుంది. నాలుగడుగుల ఆక్టాబాక్స్‌ను, అంటే వెలుగును మెత్తబరిచే ఎనిమిది మూలల గుడ్డ పెట్టెను, వీలైనంత దగ్గరకు తెచ్చి, దాని నడిమి వెలుగు మనిషి మీద పడకుండా ముందుకు తిప్పి అంచు వెలుగు మాత్రమే తాకేటట్లు చేస్తే ఆ మెరుపు పలచగా పరుచుకుంటుంది. కింది నుంచి తెల్లటి థర్మాకోల్ షీటు పట్టుకుంటే ముఖానికి, నెత్తికి ఉన్న తేడా కూడా చాలావరకు సర్దుకుంటుంది. ఇక గంధం సంగతి. పచ్చిగా ఉన్నప్పుడు బాగుంటుంది, ఆరి పెచ్చులు కట్టిందంటే చర్మవ్యాధిలా కనబడుతుంది. తడిగుడ్డతో ఒకసారి తేలిగ్గా అద్ది, ఇంట్లో తీసిన గంధం మళ్ళీ పలచగా పూస్తాం. ఆ పని బిడ్డ నాయనమ్మ చేతనో అమ్మమ్మ చేతనో చేయిస్తాను, అప్పుడు బిడ్డ ఏడవడు, నాకు అడగకుండానే ఒక మంచి ఫోటో దొరుకుతుంది. తలనీలాలు ఇచ్చిన తల్లి కూడా ఉంటే ఆమె కొంగు కప్పుకొనే నిలబడుతుంది. కొంగుతో ఒకటి, ఆమె ఇష్టపడితే కొంగు లేకుండా ఒకటి తీస్తాను. ఎంపిక దగ్గరికి వచ్చేసరికి చాలామంది రెండోదే అడుగుతారు.

ఎర్ర కంచిపట్టు చీర గురించి ఒక్క మాట. కెమెరాలో మిగతా రంగుల కంటే ఎరుపు ముందుగా నిండిపోయి మడతలన్నీ ఒకే ముద్దలా వస్తాయి, అందుకని ఎక్స్‌పోజర్ అర స్టాపు తగ్గించి, అంటే కెమెరాలోకి వెలుగు కొంచెం తక్కువ రానిచ్చి తీసి, ముఖం మీది వెలుగును తరువాత ఎడిటింగ్‌లో పెంచుకోవాలి.

డబ్బు లెక్క అడిగావు. నా ధరలో ఐదు ఫోటోలు ఇస్తాను, ఆపై కావాలంటే ఒక్కోదానికి ఇంతని అదనం. ఎంపిక అక్కడికక్కడే మానిటర్ మీద అయిపోవాలి. ఇంటికి పంపి ఎంచుకోమంటే ఆ కుటుంబంలో విదేశాల్లో ఉన్నవాళ్ళ అభిప్రాయాలు కూడా వచ్చేదాకా నీ పని తెమలదు. వేళ తక్కువ కాబట్టి రోజుకు ఎక్కువమందిని చూడవచ్చని లెక్క వేయకు. తీసిన ప్రతి అరగంటకూ దాదాపు గంట ఎడిటింగ్ వెనుకే ఉంటుంది, ఆ గంటకు కూడా ధరలో చోటు ఉండాలి. మన వృత్తిలో గిట్టుబాటు కాక మూతబడిన చోట్ల ఎక్కువగా ఈ లెక్కే తప్పింది. ప్రింటు, ఫ్రేము మీద మిగిలేది నిజమైన లాభం. పెద్దవాళ్ళు ఫోన్‌లో ఫోటోను ఫోటోగా ఒప్పుకోరు. మనలాంటి సేవలకు సాధారణంగా ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి మొదటి ఏడాది దాని గురించి బెంగపెట్టుకోకు. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలు లేక చేతులు ముడుచుకొని కూర్చొనే బాధ కూడా ఈ పనిలో చాలావరకు తప్పుతుంది.

షోకేసులో పెట్టే ఫోటోల సంగతి జాగ్రత్త. మన దేశపు 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే, తీసిన మనం కాదు. చాలామంది మనవాళ్ళు దీన్ని తలకిందులుగా నమ్ముతారు. అందుకని బుకింగ్ పేజీలోనే "ఈ ఫోటోను స్టూడియో ప్రచారానికి వాడుకోవచ్చా" అని అడిగి, అవును, కాదు అని రెండు గడులు పెట్టు, ముందుగా ఏ గడీ నింపి ఉంచకు. పిల్లల ఫోటోలైతే తల్లిదండ్రుల ఒప్పుదల విడిగా, స్పష్టంగా తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళను పిల్లల కిందే లెక్కకడుతుంది. చంద్రగిరి కోటలో తీద్దామని అడిగేవాళ్ళు నీకూ తగులుతారు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. లైట్లు, ట్రైపాడ్లు పట్టుకొని అనుమతి లేకుండా వెళ్ళే పని పెట్టుకోకు.

2022లో జిల్లాలు విడిపోయాక మీకు మేము పొరుగు జిల్లావాళ్ళమయ్యాం గాని, నీకు అక్కడ ఉన్న వీలు నాకు లేదు. కాణిపాకం నీకు పక్కనే ఉంది, కొత్త బండికి పూజ చేయించుకొని తిరిగివచ్చే కుటుంబం అందరూ మంచి బట్టల్లోనే ఉంటారు. పైగా నీ గది నేలమట్టంలో ఉంది, మోకాళ్ళ నొప్పులున్న తాతలకు నా మెట్లు పెద్ద పరీక్ష. బుకింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా మాత్రం ఇప్పుడే కట్టవద్దు. ఉచితంగా దొరికే క్యాలెండర్, ఒక ఫారం, యూపీఐ కోడ్ ఉంటే మొదలుపెట్టడానికి చాలు. ఏ ప్రశ్నలు పనికొస్తున్నాయో, ఏవి దండగో తెలిశాక కొనవచ్చు.

గది పొడవు, వెడల్పు, కప్పు ఎత్తు టేపుతో కొలిచి, కిటికీ ఏ దిక్కున ఉందో కూడా చేర్చి రాయి. వెనుకతెరకూ మనిషికీ మధ్య ఐదడుగులు వదలాలి, మనిషికీ కెమెరాకూ మధ్య 85 ఎంఎం లెన్సుకు సరిపడా దూరం మిగలాలి. కప్పు తొమ్మిదడుగులకు తక్కువైతే లైటు పైకి లేవదు, అప్పుడు వేరే గది చూసుకోమనే చెబుతాను, కోపం తెచ్చుకోకు. చెల్లెమ్మకు ఆశీస్సులు, అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు