టమాటాలు కాదు నాన్నా

లీమింగ్టన్, ఒంటారియో
జనవరి, ఆదివారం

నాన్నా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగమూ ఉంది. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వేమో ఫోన్ స్పీకర్లో పెట్టి అరుగు మీద కూర్చుంటావు. నేను చెప్పేది అమ్మ కంటే ముందు పక్కింటి పెద్దనాన్నకీ, ఎదురుగా ఉన్న టీకొట్టుకీ తెలుస్తుంది. ఈ సంగతి అలా తెలియకూడదనే కాగితం తీశాను.

నేను పనిచేసేది టమాటాల గ్రీన్‌హౌస్‌లో కాదు. గంజాయి గ్రీన్‌హౌస్‌లో.

ఒకసారి మంచినీళ్ళు తాగి మళ్ళీ చదువు. ఇక్కడ అది చట్టబద్ధం. 2018 అక్టోబర్ 17 నుంచి కెనడా అంతటా పెద్దవాళ్ళు కొనుక్కోవచ్చు, లైసెన్సు ఉన్న కంపెనీలు పండించవచ్చు. నాది దొంగ పని కాదు. జీతం బ్యాంకులో పడుతుంది, పన్ను కడతాను. అయినా ఐదేళ్ళుగా మీకు టమాటాలనే చెప్పాను. అది మరీ గాలిలోంచి పుట్టిన అబద్ధం కూడా కాదులే. ఈ ఊరిని కెనడా టమాటా రాజధాని అంటారు. 1909 నుంచి 2014 వరకు హైంజ్ వాళ్ళ కెచప్ ఫ్యాక్టరీ ఇక్కడే నడిచింది. ఊరి చుట్టూ ఎటు చూసినా గాజు ఇళ్ళే, వాటిలో టమాటా, కీరా, క్యాప్సికమ్. మా షెడ్డులో కూడా ఒకప్పుడు క్యాప్సికమ్ పండేదట. పంట మారింది, మీకు చెప్పే మాట మాత్రం నేను మార్చలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, చెల్లికి వచ్చిన సంబంధం వాళ్ళ అబ్బాయి ఇక్కడే కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉన్నాడనీ, నా కంపెనీ పేరు అడిగాడనీ అన్నావు కదా. పేరు చెబితే అతనికి ఐదు నిమిషాల పని. వాళ్ళ నోటి నుంచి నువ్వు వినడం కంటే నేనే చెప్పడం నయం.

పని గురించి చెబుతాను. బాపట్లలో అగ్రికల్చర్ చదివించావు, అది వృథా పోలేదని నీకు తెలియాలి.

ఇది నువ్వు పండించే పొగాకు కంటే మొండి పంట కాదు, కానీ గారాబం ఎక్కువ. విత్తనం నాటం. తల్లి మొక్కలని కొన్ని ఉంటాయి, వాటి కొమ్మలు కత్తిరించి వేళ్ళు పట్టిస్తాం. అన్నీ ఆడ మొక్కలే ఉండాలి. ఒక్క మగ మొక్క పుప్పొడి వదిలిందంటే గది మొత్తం గింజ కడుతుంది, సరుకు విలువ పోతుంది. మొదట రోజుకి 18 గంటల వెలుగు ఇచ్చి పెంచుతాం, తర్వాత 12 గంటల వెలుగు, 12 గంటల కటిక చీకటి. ఆ చీకటి చూస్తేనే అది పూత పట్టేది. చేరిన మొదటి వారం ఏమీ తెలియక చీకటి గదిలోకి ఫోన్ టార్చ్ వేసుకుని వెళ్ళాను. పంట చూసుకునే మా గ్రోయర్ జమైకా ఆయన, గట్టిగా తిట్టడం రాని మనిషి. నా ఫోన్ తీసుకుని టార్చ్ ఆపి, మళ్ళీ నా జేబులో పెట్టి, మొక్కలకి సారీ చెప్పమన్నాడు. చెప్పాను.

తెగుళ్ళు వింటే నీకు నవ్వొస్తుంది. అన్నీ మన మిర్చి తోటలో చుట్టాలే. బూడిద తెగులు, ఎర్రనల్లి, పేనుబంక, తామర పురుగు. తేడా ఏంటంటే ఇక్కడ మందు కొట్టడానికి దాదాపు లేదు. ప్రతి లాటునీ ల్యాబుకి పంపుతారు, అనుమతి లేని మందు ఆనవాలు దొరికిందా, అంతే సంగతులు. అందుకని ఎర్రనల్లిని తినే ఇంకో నల్లిని చిన్న చిన్న కాగితపు సంచుల్లో కొని తెచ్చి మొక్కకొకటి తగిలిస్తాం. మిత్రపురుగుల గురించి బాపట్లలో పరీక్ష కోసం బట్టీ పట్టాను గానీ, అవి నిజంగా పని చేస్తాయని నమ్మింది ఇక్కడికొచ్చాకే. మన మిర్చికి నువ్వు వారం వారం కొట్టిన మందులు తలుచుకుంటే, వాటి వాసనకి అమ్మకి వచ్చే తలనొప్పి గుర్తొస్తుంది.

అన్నట్టు, గంజాయి వనంలో తులసి మొక్క అంటారే, ఆ సామెత చెప్పినాయన మా వనం చూడలేదు. ఇక్కడ తులసి మొలిస్తే కలుపని పీకేస్తాం. పీకినట్టు రిజిస్టర్లో కూడా రాస్తాం.

నీకు అన్నిటికంటే నచ్చేది క్యూరింగ్, అంటే కోసిన సరుకుని ఆరబెట్టడం. ఈ నెల నువ్వు పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరే పడుకుంటూ ఉంటావు, రాత్రి లేచి థర్మామీటర్ చూసుకుంటూ. నేనూ అదే చేస్తాను, కాకపోతే నీది వేడి, నాది చలి. నువ్వు పొయ్యి పెట్టి, మెల్లగా వేడి పెంచుకుంటూ ఐదారు రోజుల్లో ఆకుకి పసుపు రంగు తెప్పిస్తావు. మేం పూల కొమ్మలు తలకిందులుగా వేలాడదీసి, 18 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 60 శాతం దాటకుండా చూస్తూ పది పన్నెండు రోజులు ఆరబెడతాం. తొందరపడితే ఎండుగడ్డి వాసన వస్తుంది. ఆలస్యమైతే లోపల బూజు. ఇంటర్వ్యూలో క్యూరింగ్ గురించి తెలుసా అని అడిగితే నీ బ్యారన్ గురించే చెప్పాను. చిన్నప్పుడు ఆకు పట్టుకుని, నలిపి, వాసన చూసి ఇంకో పూట ఆగాలి అనేవాడివి. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి వాళ్ళకి నచ్చింది. ఈ ఉద్యోగం నాకు వచ్చింది నీ పొగాకు వల్ల నాన్నా. తమాషాగా ఉంది కదూ.

తర్వాత కాగితాలు. నా ఉద్యోగం పేరు క్వాలిటీ, అసలు పని లెక్కలు. కోసినది, ఎండినది, తరుగు పోయినది, ప్యాక్ చేసినది, ప్రతి గ్రాముకీ లెక్క, నెలనెలా ప్రభుత్వానికి రిపోర్టు. పనికిరాని సరుకుని చెత్తబుట్టలో వేయడానికి వీల్లేదు. ఇద్దరు సాక్షుల ముందు, కెమెరా కింద నాశనం చేయాలి. ఒకసారి సెప్టెంబరులో పువ్వు లోపల బూజు పట్టి మూడు గదుల పంట పోయింది. పైకి చూస్తే ముద్దగా, నిగనిగలాడుతూ ఉంది, విరిస్తే లోపల బూడిద. దాన్ని తుక్కు చేసి వాడేసిన మట్టిలో కలిపేదాకా రెండు రోజులు సాక్షిగా నిలబడ్డాను. మన ఊళ్ళో పెళ్ళికి కూడా అంత సాక్ష్యం అడగరు. వాన తగిలిన ఆకుని నువ్వు లో గ్రేడు కింద అయినా వేలంలో పెట్టగలిగేవాడివి. ఆ మూడు గదులకి ఆ దారి కూడా లేకపోయింది.

ఇక ధర. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది నువ్వు ఎరిగిన కథే.

2018లో చట్టం వచ్చినప్పుడు ఇక్కడ అందరికీ ఇది బంగారు గనిలా కనిపించింది. పూలు పెంచేవాళ్ళు, క్యాప్సికమ్ పెంచేవాళ్ళు అందరూ దీని మీదకే ఉరికారు. టొరంటో మాజీ పోలీసు చీఫ్ జూలియన్ ఫాంటీనో, గంజాయిని గట్టిగా వ్యతిరేకించిన మనిషి, చట్టం రావడానికి ముందే 2017లోనే మెడికల్ గంజాయి కంపెనీలో పెద్ద పదవిలో కూర్చున్నాడు. మన ఎస్పీ గారు రిటైరై సారా కాంట్రాక్టు తీసుకున్నట్టు అనుకో. అప్పుడు గ్రాము పది డాలర్లు పలుకుతుందని లెక్క వేసి, ప్రభుత్వం ఎక్సైజ్ సుంకం పెట్టింది: గ్రాముకి ఒక డాలర్ లేదా ధరలో పది శాతం, ఏది ఎక్కువైతే అది. పంట ఎక్కువై ధర సగానికీ, అంతకంటే కిందికీ పడింది. డాలర్ మాత్రం కదల్లేదు. మూడు డాలర్లకి అమ్మితే ఒక డాలర్ సుంకానికే పోతుంది. అమ్ముడుపోని సరుకు ఎంత పేరుకుందంటే, 2021లో ఒక్క ఏడాదే దేశం మొత్తం మీద 400 టన్నులకు పైగా నాశనం చేశారు.

ఆ సుంకం స్టాంపులదో పెద్ద గోల. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రంగు. ఒంటారియో స్టాంపు అంటించిన డబ్బాని ఆల్బర్టాలో అమ్మకూడదు. స్టాంపులు పోతే నోట్లు పోయినంత పని. బీరువాలో పెట్టి తాళం వేసి లెక్క రాస్తాం.

2025లో మన వైపు నల్ల బర్లీ పొగాకుకి జరిగింది కూడా ఇదే కదా. అంతకు ముందు రెండేళ్ళు ధర బాగుందని అందరూ అదే వేశారు. కంపెనీలు వెనక్కి తగ్గాయి, చివరికి ప్రభుత్వం తరఫున మార్క్‌ఫెడ్ దిగి కొనాల్సి వచ్చింది. ఇక్కడ మార్క్‌ఫెడ్ లాంటిది లేదు. మా మొదటి కంపెనీ ఒక మంగళవారం పొద్దున మీటింగు పెట్టి, మధ్యాహ్నానికి సగం మందిని ఇంటికి పంపింది. అందులో నేనూ ఉన్నాను. ఆ రెండు నెలలు మీకు ఓవర్‌టైమ్ వల్ల ఫోన్ చేయలేకపోతున్నానని చెప్పాను. లైసెన్సు పంట అంటే నష్టం రాదని అనుకునేవాణ్ణి. నీ బ్యారన్‌కి కూడా పొగాకు బోర్డు లైసెన్సు ఉంది. ఏ ఏడాది నీకు నిద్ర పట్టింది?

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ గంజాయి షేర్లు పైకి ఎగిరాయి. ఫ్యాక్టరీలో టీ విరామంలో అందరూ ఫోన్లో అవే చూస్తున్నారు. నేను మూడు వేల డాలర్లు పెట్టాను. వేసవికి అందులో సగం కూడా లేదు. ఆ ఏడాది మోటారు రిపేరుకి డబ్బు పంపలేనన్నది అందుకే. కాలేజీ ఫీజు అని చెప్పాను. షెడ్డులో సరుకు ఎలా పేరుకుపోతోందో రోజూ కళ్ళారా చూస్తూ షేరు కొన్నవాణ్ణి, నన్నేమనాలో నువ్వే చెప్పు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. తాగుతావా అని. లేదు. మంచి పేరు కోసం చెప్పడం లేదు. రోజంతా ఆ వాసనలో ఉన్నవాడికి మళ్ళీ ఇంట్లో అది అక్కర్లేదు. స్కంక్ అనే జంతువు కంపులా ఉందని ఊళ్ళో వాళ్ళు మున్సిపాలిటీకి ఫిర్యాదులు కూడా పెడతారు. పనికి వేసుకెళ్ళే కోటు వేరే, దాన్ని కారు డిక్కీలోనే ఉంచుతాను. ఇది మంచిదని నేను ఎవరితోనూ అనను. డబ్బా మీద పసుపు పెట్టెలో హెచ్చరిక అచ్చు వేసేది మేమే. చాక్లెట్, జెల్లీ రూపంలో అమ్మడం మొదలయ్యాక పసిపిల్లలు మిఠాయి అనుకుని తిని ఆసుపత్రుల పాలవడం పెరిగింది. అందుకే ఒక ప్యాకెట్‌లో మత్తు పదార్థం 10 మిల్లీగ్రాములు మించకూడదని ఇక్కడి రూలు. చిన్న వయసులో అలవాటైతే కొందరికి బుర్ర పాడవుతుంది, అదీ నిజమే. కానీ ఒకటి ఒప్పుకోవాలి. దొంగచాటున కొనే సరుకులో ఏ మందు ఉందో, ఏ బూజు ఉందో చూసేవాడు లేడు. ఇక్కడ నేనున్నాను.

రాత్రిళ్ళు నన్ను కుదిపే విషయం వేరే ఉంది. 2021లో పాడేరు, చింతపల్లి వైపు పోలీసులు వేల ఎకరాలు నరికేసిన ఫోటోలు పేపర్లో వచ్చాయి, గుర్తుందా? ఆపరేషన్ పరివర్తన అన్నారు. సరిగ్గా ఆ వారమే నాకు ఇంక్రిమెంటు కాగితం వచ్చింది. మొక్క అదే. దానిలో ఒక రకం శాస్త్రీయ నామంలో ఇండికా అని మన దేశం పేరే ఉంది. అక్కడ కొండ మీద దాన్ని పండించే గిరిజనుడికీ, మూట మోసే కుర్రాడికీ పడేది మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాకుండా జైలు. పెట్టుబడి పెట్టి కొనుక్కెళ్ళేవాడు మాత్రం ఎక్కడో ఉంటాడు. నేను వారానికి 20 కిలోలకు ఎన్నో రెట్లు సంతకం పెట్టి పంపుతాను, నాకు దంత వైద్యం ఖర్చు కూడా కంపెనీ ఇస్తుంది. అక్కడ కూడా ఇలాగే చేసేయాలని నేను అనడం లేదు. అంత సులువు కాదని ఇక్కడి కాగితాలు మోసిన వాడిగా నాకు తెలుసు. కానీ ఆ ఫోటోలో గొడ్డలి పట్టుకుని సొంత పంట తనే నరుక్కుంటున్న ఆడమనిషి నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

అక్క విషయం కూడా ఇప్పుడు అర్థమవుతుంది నీకు. అమెరికాలో అక్క ఉండే ట్రాయ్ మా ఊరి నుంచి కారులో రెండు గంటలు కూడా లేదు, మధ్యలో డెట్రాయిట్ నది. మిషిగన్‌లో కూడా ఇది అమ్ముతారు. అయినా అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరమే, వంతెన మీద ఒక్క గ్రాము దాటించినా కేసే. వీసా ఇంటర్వ్యూలో ఏం పని చేస్తావని అడిగితే ఏం చెప్పాలో తోచక నేను అసలు దరఖాస్తే పెట్టలేదు. బాబు అన్నప్రాసనకి రాలేదని అక్క ఇంకా కోపంగా ఉంది. తనకి నిజం చెప్పాను, కోపం మాత్రం తగ్గలేదు.

బాబాయి వాళ్ళ చిన్నవాడు ఇక్కడికి వచ్చి ఇదే లైన్లో చేరతానని మెసేజ్ పెట్టాడు. వాడికి ఎలా తెలిసిందో నాకు తెలియదు. వాడికి టమాటా షెడ్డులో పని చూస్తానని చెప్పాను, ఈసారి నిజం టమాటాలే. ఇక్కడ నుంచి సరదాకి కూడా ఏదీ బ్యాగులో పెట్టుకుని ఇండియాకి రావద్దని వాడికి నువ్వు గట్టిగా చెప్పు. ఇక్కడి చట్టం శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పనిచేయదు.

సంబంధం వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పేయి. వాళ్ళు వద్దంటే ఆ మాట పెళ్ళికి ముందే తెలిసినట్టు. చెల్లికి నేను చెబుతాను. అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి, అది నా వల్ల కాదు. కోపం తగ్గాక మొదట ఏమడుగుతుందో కూడా తెలుసు, ఆ వాసన బట్టలకి పడితే ఎలా పోతుందని. నిమ్మరసం కొంత పనిచేస్తుందని చెప్పు.

బయట మైనస్ 12. గ్రీన్‌హౌస్‌ల దీపాలకి ఊరి మీద ఆకాశం ఊదా రంగుకి తిరిగింది. ఈ ఏడాది ఆకు రంగు ఎలా వస్తోంది? మబ్బు పట్టిందన్నావు, తేమ ఆకుని మొదటి రోజే ఎక్కువ వేడి పెట్టకు. నీకు చెప్పేంతవాణ్ణి కాదనుకో.

చదివాక ఫోన్ చెయ్యి. స్పీకర్ ఆపి.

నీ
పెద్దోడు