నొప్పి ఎవరిదైనా పది సిట్టింగులేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

పొందూరు నుంచి ఒక లెక్కల మాస్టారు రాస్తున్నాను. మీ పేపర్లో ఆపరేషన్ల గురించి వస్తుంది, మందుల కొరత గురించి వస్తుంది. ఏళ్ల తరబడి నడుమునొప్పితో ఉన్న మనిషికి ఫిజియోథెరపీ ఎన్నాళ్లు కావాలో ఎవరు తేలుస్తున్నారు, ఏం చూసి తేలుస్తున్నారు అన్న సంగతి మాత్రం నా కంటపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మకి 64 ఏళ్లు. పెళ్లయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ రాట్నం మీద సన్న నూలు వడుకుతోంది. పొందూరు ఖద్దరు గురించి రాసేవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గరే ఆగిపోతారు. ఆ పత్తి ఏకులైన తర్వాత నేలమీద కూర్చుని, కుడి చేత్తో రాట్నం తిప్పుతూ ఎడమ చేత్తో దారం తీస్తూ, మెడ వంచి గంటలకి గంటలు గడిపే ఆడవాళ్ల నడుములు ఫొటోల్లో పడవు. అమ్మకి మెడ, నడుము నొప్పి మొదలై నాలుగేళ్లు. నొప్పి 3 నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు డాక్టర్లు. ఆ లెక్కన మా వీధిలో ఇంటికొకరు తేలతారు.

కిందటేడాది పట్నంలో ఒక సెంటరుకి తీసుకెళ్లాను. కౌంటర్లో ఇచ్చిన చీటీ మీద 'సిట్టింగులు' అన్న గడిలో 10 అని ముందే అచ్చేసి ఉంది. ఇంకా అమ్మని ఎవరూ చూడనే లేదు! మా పక్కింటి లారీ డ్రైవరు కుర్రాడికి బస్తా ఎత్తబోతే నడుం పట్టేసి రెండు నెలలు. అతనికీ పదే. మా స్కూల్లో తెలుగు టీచరుగారికి మోకాళ్లు. ఆవిడకీ పదే. మూడు వేర్వేరు లెక్కలకి ఒకటే జవాబు రాసిన పిల్లాడిని నేనైతే చూచిరాత అని నిలబెడతాను.

లోపల పడుకోబెట్టి పావుగంట కరెంటు పెట్టారు. కాసేపు కాపడం. తర్వాత నడుముకి పట్టీ కట్టి తాడుతో లాగారు. లేచాక వ్యాయామాల బొమ్మలున్న జిరాక్స్ కాగితం చేతిలో పెట్టి, ఇంటి దగ్గర చేసుకోమ్మా అన్నారు. అది ఎన్నోసారి తీసిన జిరాక్సో గానీ బొమ్మల్లో మనుషులకి తలకాయలు చెరిగిపోయాయి. అమ్మ దాన్ని దేవుడి క్యాలెండరు వెనకాల దోపింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

వెళ్లిన ప్రతిరోజూ అడిగింది ఒక్కటే: "నొప్పి పదికి ఎంత?" అమ్మ రోజూ "ఏడు" అనే చెప్పింది. ఏడే ఎందుకని ఇంటికొచ్చాక అడిగాను. "పదంటే ఆపరేసన్ అంటారేటో, మూడంటే ఇంటికెల్లిపోమంటారేటో. ఏడైతే ఏ గొడవా నేదు" అంది. ఆ ఏడునే అక్కడ రోజూ రికార్డులో రాసుకున్నారు. రాట్నం దగ్గర ఎంతసేపు కూర్చోగలుగుతున్నావు, రాత్రి నిద్ర పడుతోందా, వంగితే ఏదో విరిగిపోతుందని భయపడుతున్నావా అని మాత్రం ఎవరూ అడగలేదు. (భయపడుతోంది. నీళ్ల బిందె ముట్టుకోవడం మానేసి ఏడాదైంది.)

ఆరో రోజుకి మానేశాం. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు ఉచితమే, అమ్మకి టికెట్ లేదు. పక్కన వెళ్లే నాకుంది. పట్నానికి పోయిన రోజు అమ్మకి నూలు లేదు, నూలు లేకపోతే కూలి లేదు. మా అమ్మకి ఆరు సిట్టింగులు చాలని తేల్చింది డాక్టరు కాదండీ, నా దగ్గర మిగిలిన సీఎల్సు (క్యాజువల్ లీవులు).

ఎక్కువ సిట్టింగులు ఇమ్మని నేను అడుగుతున్నానని అనుకోవద్దు. మా మావయ్య ఒకాయన నాలుగేళ్లుగా నెలకోసారి వెళ్లి కరెంటు పెట్టించుకుని వస్తాడు. దాన్ని ఆయన 'చార్జింగ్' అంటాడు. రెండ్రోజులు హాయిగా ఉంటుందట, మూడో రోజుకి మామూలే. ఫలానా జబ్బు అని తేలని దీర్ఘకాలిక నడుమునొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. నడుం బెల్టులు, తాడుతో లాగడం, అల్ట్రాసౌండ్, టెన్స్ మిషనుతో కరెంటు పెట్టడం లాంటివి మామూలుగా వాడొద్దని అందులో ఉంది. వ్యాయామం చేయించమంది. నొప్పి అంటే ఏమిటో మనిషికి అర్థమయ్యేలా చెప్పమంది. అవసరమైతే మానసిక వైద్యం కూడా కలపమంది. అంటే మా అమ్మకి వద్దన్నవి అరగంట చేసి, చేయమన్నదాన్ని జిరాక్స్ కాగితంతో సరిపెట్టారు.

మరి ఎవరికి ఎంత అన్నది తేల్చడం కుదిరే పనేనా? ఇంగ్లండులో కీల్ విశ్వవిద్యాలయం వాళ్లు నడుమునొప్పి వాళ్ల కోసం 9 ప్రశ్నల కాగితం ఒకటి తయారు చేశారు. కాలికి పాకుతోందా, బట్టలు కట్టుకోవడం కష్టంగా ఉందా, ఇక ఎప్పటికీ తగ్గదని దిగులుగా ఉందా, ఇలాంటివి. జవాబుల్ని బట్టి మూడు గుంపులు చేస్తారు. మొదటి గుంపుకి ధైర్యం చెప్పి, నడవమని చెప్పి పంపిస్తే చాలు. రెండో గుంపుకి ఫిజియోథెరపీ కావాలి. మూడో గుంపుకి ఫిజియోథెరపీతో పాటు ఆ భయం, దిగులు కూడా చూసేవాళ్లు కావాలి. 851 మంది మీద చేసిన పరీక్షలో ఈ పద్ధతి మామూలు పద్ధతి కంటే మెరుగ్గా పనిచేసింది, ఖర్చూ తగ్గింది. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇదే కాగితాన్ని అమెరికాలో పెట్టి చూస్తే మాత్రం ఫలితం కనపడలేదు. అక్కడ ప్రశ్నలు అడిగారు గానీ ఆ జవాబుల్ని బట్టి చికిత్స పెద్దగా మారలేదు. మన దగ్గర కూడా ఆ కాగితం ఇంకో రిజిస్టరై బీరువాలో పడుతుందేమోనన్న భయం నాకుంది.

అమ్మ విషయానికొస్తే, తర్వాత ఇంకో చోట ట్రైనింగులో ఉన్న ఒక ఫిజియో అమ్మాయి దొరికింది. మొదటి రోజు ఏ మిషనూ పెట్టలేదు. "అమ్మా, రాట్నం దగ్గర ఎలా కూర్చుంటావో చూపించు" అంది. అమ్మ సిగ్గుపడుతూ ఆ గచ్చు మీదే కూర్చుని, లేని రాట్నం తిప్పింది. ఆ అమ్మాయి వాచీ చూసుకుంది. ఇరవై నిమిషాలకి అమ్మ నడుం పట్టుకుంది. ఇంటి దగ్గర నొప్పి వచ్చేదాకా ఆగకుండా, పదిహేను నిమిషాలకే లేచి, వీధి చివరిదాకా నడిచొచ్చి మళ్లీ కూర్చోమంది. ఓపికగా ఉన్న రోజు సాయంత్రందాకా వడికి, తర్వాత రెండు రోజులు మంచాన పడడం మానుకోమంది. రాట్నాన్ని బల్ల మీదకి ఎక్కించమంది. వారానికోసారి రెండు, పదిహేను రోజులకోసారి మూడు, నెల తర్వాత ఒకటి. మొత్తం ఆరే, కాకపోతే మూడు నెలల మీద. ఇప్పుడు అమ్మ లేవకుండా ముప్పావుగంట కూర్చోగలుగుతోంది. బిందె ఎత్తుతోంది. నొప్పి ఎంత అంటే ఇప్పటికీ "ఏడు" అనే అంటుంది. ట్రైనింగ్ అయిపోయి ఆ అమ్మాయి వెళ్లిపోయింది, ఆ సీట్లోకి ఇంకా ఎవరూ రాలేదు.

మన జిల్లాలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నడవలేని, కూర్చోలేని మనిషికి ఇంకో దారి చూపించకపోతే మందుల షాపుకి పోతాడు. మన జిల్లాలోనే ఉన్న ఉద్దానం ప్రాంతంలో అంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదీ అని ఇంకా తేలలేదు. అయినా నొప్పి బిళ్లలు అయినదానికీ కానిదానికీ మింగొద్దని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. మింగొద్దంటే సరిపోదు కదా, కొబ్బరి పీచు పనికి, జీడిపప్పు పనికి తెల్లారి పోవాల్సిన మనిషి ఏం చెయ్యాలి?

కొత్త భవనాలు అడగడం లేదు. ఊళ్లో విలేజ్ క్లినిక్ ఉంది, అందులో ఎంఎల్‌హెచ్‌పీ (డాక్టరుకి కింది స్థాయి ఆరోగ్య ఉద్యోగి) ఉన్నారు. తొమ్మిది ప్రశ్నలు మన తెలుగులో, మన పనుల మీద, నాట్లు, నూలు, పీచు, లారీ మీద రాసుకుంటే, ఒక్కొక్కరిని అడగడం పదిహేను నిమిషాల పని. కాళ్లలో బలం తగ్గినా, ఒంటేలు పట్టు తప్పినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గిపోతున్నా వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. మిగతావాళ్లలో చాలామందికి ఊళ్లోనే చెప్పి చూపిస్తే సరిపోతుంది. వృద్ధుల ఆరోగ్యం కోసం 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమంలో సీహెచ్‌సీకో (సామాజిక ఆరోగ్య కేంద్రానికో) రిహాబిలిటేషన్ వర్కర్ ఉండాలని ఉంది. ఆ పోస్టుల్లో మన జిల్లాలో ఎన్ని భర్తీ అయ్యాయో అధికారులు చెబితే బాగుంటుంది. నెల తర్వాత మళ్లీ పిలిచి అవే ప్రశ్నలు అడిగి, ఇంకా కావాలో, మార్చాలో, ఆపేయాలో అప్పుడు రాయాలి.

ఇవన్నీ ఒక్కరోజులో జరగవని నాకూ తెలుసు. అప్పటిదాకా ఒక్క పని చేయొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులైనా ప్రైవేటు సెంటర్లైనా, చీటీ మీద ఆ 10 అచ్చు తీసేసి గడి ఖాళీగా వదలండి. దాని పక్కన 'ఏ పని చేయలేకపోతున్నారు?' అని ఇంకో గడి వేసి, ముందు అది నింపండి.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు,
పొందూరు, శ్రీకాకుళం జిల్లా